మేత బీడులో సున్నపు గరప నేలను పరీక్షించడం ఎలా?

వానలు తక్కువ పడే మేత భూముల్లో మట్టిని పరీక్షకు పంపితే, తిరిగొచ్చే కాగితం మీద చాలాసార్లు ‘సున్నం ఎక్కువ’ అని ఉంటుంది. దాంతో పెద్దగా తెలిసేదేమీ లేదు. ఆ సున్నం ఎంత లోతులో ఉంది, పొడిలా ఉందా, గడ్డకట్టిందా, రాయిలా బిగిసిందా అన్నది తెలిస్తేనే ఆ బీడు గురించి ఏమైనా మాట్లాడగలం. వాన నీళ్లు ఎంతవరకు దిగుతున్నాయో, వేర్లు ఎక్కడ ఆగుతాయో, పైమట్టి ఎంత కొట్టుకుపోయిందో అక్కడే బయటపడుతుంది. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. పార, గునపం, చాకు, టేపు, ఒక సీసా నీళ్లు, డ్రాపర్ సీసాలో పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటే చాలు.

గొయ్యి ఎక్కడ తీయాలి?

పశువులు నీళ్లు తాగే చోటు, నడిచే దారి, చెట్టు నీడ, చీమల పుట్టలు వదిలేయండి. అక్కడి మట్టి మిగతా బీడులా ఉండదు. గడ్డి బాగా ఉన్న చోట ఒక గొయ్యి, దానికి దగ్గర్లోనే బోడిగా ఉన్న చోట ఇంకో గొయ్యి తీయండి. వీలైతే మీటరు లోతు. ఎండ పడే వైపు గోడను చాకుతో గీకి శుభ్రం చేయండి. పార తగిలిన చోట మట్టి అలికినట్టై అసలు రంగు, పొరలు కనిపించవు.

టేపు వేలాడదీసి రంగు మారే చోట్లు రాసుకోండి. సాధారణంగా పైన గోధుమ రంగు మట్టి, దాన్నిండా సన్నని వేర్లు ఉంటాయి. దిగేకొద్దీ రంగు పాలిపోతుంది. ఇంకా కింద తెల్లని సన్నటి దారాలు, ఆ తర్వాత గింజల్లాంటి సున్నపు గడ్డలు కనిపిస్తాయి. వాన నీళ్లు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, పైనున్న సున్నాన్ని కరిగించి కిందికి మోసుకెళ్తాయి. ఆ తేమను వేర్లు పీల్చుకోగానే, లేదా నేల ఆరిపోగానే, సున్నం అక్కడే మిగిలిపోతుంది. అందుకే వాన ఎక్కువ పడే చోట ఈ తెల్ల పొర లోతుగానూ, తక్కువ పడే చోట పైపైనా ఉంటుంది. ఇప్పటి వానలు అందనంత లోతులో సున్నపు పొర ఉంటే, అది ఇంతకంటే తేమగా ఉన్న పాత కాలంలో ఏర్పడిందై ఉండొచ్చు.

చేత్తో పిసికి చూడడం

ఇసుక, ఒండ్రు, బంకమన్ను మూడూ తగుపాళ్లలో ఉన్నది గరప నేల. లెక్క ప్రకారం బంకమన్ను 7 నుంచి 27 శాతం, ఒండ్రు 28 నుంచి 50 శాతం, ఇసుక 52 శాతం లోపు. గుప్పెడు మట్టిని తడిపి ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా సాగదీయండి. ముద్ద నిలిచి, పట్టీ రెండున్నర సెంటీమీటర్లు రాకముందే తెగిపోతే గరప నేల అనుకోవచ్చు. అంతకంటే పొడవు సాగితే బంకమన్ను పాలు ఎక్కువ.

సున్నం ఉన్న నేలలో ఈ పరీక్ష కొంచెం తికమక పెడుతుంది. మెత్తని సున్నం పొడి వేళ్లకు ఒండ్రులాగే తగులుతుంది. గాజు సీసాలో మట్టి, నీళ్లు గిలకొట్టి పొరలు చూసే పద్ధతిని ఇక్కడ నేనైతే అసలు నమ్మను. సున్నంలోని కాల్షియం వల్ల బంక రేణువులు గుంపుకట్టి ముందే అడుగుకు చేరతాయి. నీళ్లు త్వరగా తేటపడతాయి. బంకమన్ను తక్కువేమో అని మోసపోతాం.

ఆమ్లం చుక్కలు

అసలు పరీక్ష ఇదే, తొందర వద్దు. ఆమ్లం పలుచన చేసి ఉన్నదే కొనండి. గాఢ ఆమ్లం నుంచి మీరే తయారుచేయాల్సి వస్తే నీళ్లలో ఆమ్లం పోయాలి. ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

గోడ మీద ప్రతి పది సెంటీమీటర్లకు ఒక చిన్న మట్టి పెళ్ల తీసి వరసగా పెట్టుకోండి. ముందు వాటిని నీళ్లతో తడపండి. చాలామంది ఈ పని చేయరు. పొడి మట్టి మీద ఏ చుక్క పడినా లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది, దాన్నే సున్నం అనుకుంటారు. తడిపిన పెళ్ల మీద రెండు మూడు చుక్కలు వేసి, చెవి దగ్గరగా పెట్టి వినండి, ముఖం మాత్రం దాని మీదికి వంచొద్దు. సున్నం కొంచెమే ఉంటే కంటికేమీ కనపడకపోయినా సన్నగా చిటచిట వినిపిస్తుంది. ఇంకొంచెం ఉంటే విడివిడిగా బుడగలు లేస్తాయి. బాగా ఉంటే బుస్సుమని తెల్లని నురగ పొంగుతుంది.

పొంగు మొదలైన లోతును, బాగా ఎక్కువైన లోతును వేర్వేరుగా రాసుకోండి. పొంగును బట్టి సున్నం ఎంత శాతమో చెప్పడం కుదరదు. మెత్తని పొడి కొంచెమున్నా జోరుగా పొంగుతుంది, గట్టి గడ్డ నెమ్మదిగా స్పందిస్తుంది. మెగ్నీషియం కలిసిన సున్నపు రకం, అంటే డోలమైట్ అయితే పొడి చేస్తే గానీ కదలదు. వెనిగర్‌తో పని జరుగుతుంది కానీ అది బలహీనం, కొద్దిపాటి సున్నాన్ని పట్టుకోలేదు.

తెల్లగా ఉన్నదల్లా సున్నం కాదు. ఆమ్లానికి పొంగకుండా, నీళ్లలోనూ అంతగా కరగకుండా మెరిసే పలుకులుంటే జిప్సం కావొచ్చు. నీళ్లలో ఇట్టే కరిగిపోతే ఉప్పు.

రాళ్లు తిరగేయండి

గోడలోని రాళ్లను ఒక్కోటి ఊడదీసి అడుగు భాగం చూడండి. దిగిన తడి రాయి కింద వేలాడి, అక్కడే ఆరి, తెల్లని పూత వదులుతుంది. ఆ పూత రాయి పైవైపు ఉంటే ఎప్పుడో ఆ రాయి తిరగబడిందన్నమాట. అంటే ఆ చోటు మట్టి కదిలింది, గొయ్యి ఇంకోచోట తీయడం మేలు.

గునపానికి ఖంగుమని తగిలే పొర వస్తే, ఒక ముక్క విరగ్గొట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. మెత్తబడితే అది ఎండి బిగిసిన మట్టే. అలాగే ఉంటే సున్నంతో రాయిలా మారిన పొర. వేర్లు దాన్ని చీల్చలేక అడ్డంగా పాకుతుంటాయి.

చౌడు కలిసిందా?

సున్నం ఒక్కటే ఉన్న నేలలో ఉదజని సూచిక (pH) మామూలుగా 7.5 నుంచి 8.4 మధ్య నిలుస్తుంది. 8.5 దాటితే సోడియం మీద అనుమానపడాలి. బఠాణీ గింజంత ఎండు పెళ్లను వాన నీళ్లలో, కదపకుండా వదిలి చూడండి. పెళ్ల విడిపోయినా నీళ్లు తేటగా ఉంటే పర్వాలేదు. చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే కారు చౌడు, అంటే సోడియం ఎక్కువైన చౌడు లక్షణం ఉన్నట్టే.

వచ్చిన లెక్కతో ఏం చేయాలి?

గరప నేల మీటరు లోతుకు సుమారు 150 మిల్లీమీటర్ల నీటిని మొక్కలకు అందేలా పట్టుకుంటుంది. రాతి పొర 30 సెంటీమీటర్ల దగ్గరే ఉంటే ఆ నిల్వ 45 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అలాంటి చోట లోతుగా వేరు పోయే మొక్కలు నాటి డబ్బు పోగొట్టుకోవద్దు.

రెండు గోతుల లెక్కలు పక్కపక్కన పెట్టండి. గడ్డి కింద 20 సెంటీమీటర్ల దగ్గర మొదలైన పొంగు, బోడి చోట నేలమట్టంలోనే మొదలైతే పైమట్టి కొట్టుకుపోయిందని గట్టిగా అనుమానించొచ్చు. గడ్డి దుబ్బులు చిన్న దిమ్మెల మీద నిలబడినట్టు కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు. అక్కడ కొన్నాళ్లు మేపు ఆపండి. దున్నడం అస్సలు వద్దు, కింది సున్నం పైకొచ్చి, మొదటి వానకే నేల పెచ్చుకట్టి నీటిని దిగనివ్వదు.

గంధకం చల్లి సున్నాన్ని వదిలించుకోవచ్చని ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించండి. ఒక హెక్టారులో 15 సెంటీమీటర్ల పైమట్టి సుమారు 2,000 టన్నులు. అందులో ఒక్క శాతం సున్నమంటే 20 టన్నులు. దాన్ని కరిగించడానికే 6.4 టన్నుల గంధకం కావాలి. ఈ నేలల్లో సున్నం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

భాస్వరం, జింకు, ఇనుము ఇక్కడ ఉన్నా మొక్కకు సరిగా అందవు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరిగితే ఇనుప ధాతు లోపం. గడ్డిజాతులకు ఈ బాధ తక్కువ. వాటి వేర్లు ఇనుమును పట్టి తెచ్చే పదార్థాలను మట్టిలోకి వదులుతాయి. పసుపెక్కేవి ఎక్కువగా బయటి నుంచి తెచ్చి నాటిన చెట్లు, పప్పుజాతి మొక్కలు. యూరియాను పైన చల్లి వదిలేస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. వేయక తప్పదనుకుంటే వానకు కాస్త ముందు వేయండి.