మాస్క్ పెట్టుకుంటున్నారా అని అడిగితే నిజం రాదు

2020లో, కరోనా రోజుల్లో, తిరుపతి కొర్లగుంటలో ఇంటింటి సర్వేకి పోయినప్పుడు నా కాగితంలో మొదటి ప్రశ్న, ‘బయటికి పోయేటప్పుడు మాస్క్ పెట్టుకుంటున్నారా?’ ఒకామె గబుక్కున కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ‘అది లేకుండా గడప దాటేదే లేదు నాయనా’ అనింది. ఆమె మాస్క్ తలుపు వెనక మేకుకి వేలాడుతోంది, మడతలు కూడా విప్పలేదు. నేను ‘అవును’ దగ్గర టిక్ పెట్టేసి వచ్చాను. ఆ వీధంతా అవే టిక్కులు.

ఆమెని తప్పుపట్టలేను. అప్పట్లో జ్వరముందా అని అడగడానికి వచ్చేది, ఒకటో తేదీన పింఛను తెచ్చిచ్చేది ఒకే ప్రభుత్వ వాలంటీరు అయినప్పుడు, ఎవరైనా ఏం చెబుతారు? ప్రభుత్వ కరోనా యాప్ ఆరోగ్యసేతులో దగ్గుతూనే లక్షణాలేవీ లేవని నొక్కినోణ్ణి నేనూ. ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. అదే ఏడాది కెన్యా పల్లెల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మాస్క్ పెట్టుకుంటామన్నారు, బయట నిలబడి లెక్కపెడితే పదిమందిలో ఒకరికి కనిపించింది.

కాబట్టి ముందు, తప్పు ఒప్పుకోవడం సులువయ్యేలా అడగండి. ‘ఊపిరాడదని కొందరు, అంగట్లో మాట వినబడదని కొందరు మాస్క్ కిందికి లాగేస్తుంటారు, మీకూ అట్లా అయిందా?’ అంటే నవ్వి చెప్తారు. ఎప్పుడూ, సాధారణంగా అనే మాటలు వద్దు, నిన్నటి సంగతే అడగండి: ఎన్నిసార్లు బయటికి పోయారు, అందులో ఎన్నిసార్లు మాస్క్ లేదు. అత్త ముందు కోడల్ని, పక్కింటోళ్ల ముందు ఎవర్నీ అడగొద్దు. పేరు రాసుకోవద్దు, రాసుకోవట్లేదని కాగితం తిప్పి చూపించండి.

జ్వరం దాచారా లాంటి గట్టి ప్రశ్నకి రూపాయి బిళ్ళ కావాలి. జవాబుకి చాటు కల్పించే ఈ తరహా పద్ధతిని వార్నర్ అనే ఆయన 1965లోనే మొదలుపెట్టాడు, నేను చెప్పేది దానికి సులువైన రూపం. బిళ్ళ వాళ్లే ఎగరేసి, మీకు చూపించకుండా గుప్పిట్లో చూసుకోవాలి. బొమ్మ పడితే ఏదేమైనా ‘అవును’ అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. ఇప్పుడు ‘అవును’ అన్న మనిషి దాచాడో, బొమ్మ పడిందో మీకు తెలీదు, పోలీసుకీ తెలీదు. కానీ 100 మందిలో 70 మంది ‘అవును’ అంటే, సుమారు 50 బొమ్మవి, మిగతా 50 మందిలో 20 మంది దాచినట్టు, అంటే నూటికి 40. ఇరవై ఇళ్లకి ఇది పనికిరాదు, బిళ్ళ ఎటు పడితే అటు పడుతుంది, కొన్ని వందల మందైనా ఉండాలి. పెద్దవాళ్లకి ఒకసారి ఉత్తుత్తిగా ఆడించి చూపించండి, లేకుంటే బొమ్మ పడినా ‘నేను దాచలేదమ్మా’ అని కొట్లాటకొస్తారు.

చేతులు కడగడం గురించైతే అడగనే వద్దు, మంచినీళ్లు అడిగి కొళాయి వైపు చూడండి. సబ్బు ఉందా, ఉంటే తడిగా ఉందా, ఎండి బీటలు వారిందా. వాళ్లు చెప్పింది ఒక గడిలో, మీరు చూసింది పక్క గడిలో రాసుకోండి.