తాబేలు గూడు కాపాడాలంటే ముందు టార్చి ఆపాలి

విశాఖ తీరంలో సముద్ర తాబేళ్ల కోసం రాత్రి గస్తీ తిరుగుతామని ఏటా కొత్త వలంటీర్లు వస్తుంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మన ఒడ్డున గుడ్లు పెట్టేది ఆలివ్ రిడ్లీ. జనవరి నుంచి మార్చి దాకా సీజన్ జోరుగా ఉంటుంది. ఒడిశాలోని రుషికుల్య దగ్గరైతే వేలకు వేలు ఒక్కసారే ఒడ్డెక్కుతాయి. మన దగ్గర అలా కాదు, జోడుగుళ్లపాలెంలో ఒకటి, సాగర్‌నగర్‌లో ఒకటి. అందుకే నడక తప్పదు.

ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న ప్రాణి ఇది. అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకున్నా నేరమే. తర్వాత ఆ ఊరి మత్స్యకారుల్లో అనుభవం ఉన్నవాళ్లని తోడు తీసుకోండి. మనం చీకట్లో ఇసుక తప్ప ఏమీ చూడలేని చోట వాళ్లు జాడ పట్టేస్తారు.

జాడ రెండున్నర అడుగుల వెడల్పుంటుంది. తాబేలు రెక్కల్లాంటి కాళ్ల గుర్తులు కుడి, ఎడమ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. పైకెళ్లిన జాడ, తిరిగొచ్చిన జాడ కలిసేచోట ఇసుక చెదిరి ఉంటుంది, గూడు అక్కడే. తాబేలు ఇంకా అక్కడే ఉంటే దూరంగా, వెనకపక్కన కూర్చోండి. లైటు వద్దు, ఫొటో వద్దు, మాటలు వద్దు. గుడ్లు పెట్టాక అది ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ డిప్ప అడుగుతో ఇసుకని దబదబా కొట్టి గట్టిచేస్తుంది. ఆ చప్పుడు కాళ్ల కింద తెలుస్తుంది. అది నీళ్లలోకి వెళ్లేదాకా ఎవరూ కదలకూడదు.

కుక్కలూ నక్కలూ రాని చోటైతే గూడుని అలాగే వదిలేయడం మేలని నా అభిప్రాయం. తప్పనిసరైతేనే హేచరీకి, అంటే గుడ్లు పొదగడానికి కాపలా పెట్టిన చోటికి, మార్చాలి, అదీ పెట్టిన కొద్ది గంటల్లోనే. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది, గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. చేతులతోనే తవ్వండి, పలుగు పార వద్దు. వందకి పైనే గుడ్లుంటాయి. ఒక్కోటీ ఏ వైపు పైకుందో అలాగే తీసి, ఆ గూటి తడి ఇసుకతోనే బకెట్‌లో సర్దండి. హేచరీలో గొయ్యి అడుగున్నర లోతు, అడుగున కుండలా వెడల్పుగా ఉండాలి. లోతు తగ్గించారంటే వేడి పెరుగుతుంది. ఇసుక వేడెక్కితే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పక్కన కర్ర పాతి గూటి నంబరు, తేదీ, గుడ్ల లెక్క రాసిపెట్టండి.

ఒడ్డున మొక్కలు నాటుదామని చాలామంది ఉత్సాహపడతారు. దయచేసి వద్దు. సరుగుడు వేశారంటే గుడ్లు పెట్టే జాగా పోతుంది. దిబ్బల మీద పాకే ఊదాపూల తీగ ఇసుకని పట్టి ఉంచుతుంది, దాన్ని తొక్కకుండా, పీకకుండా ఉంటే చాలు.

గుడ్లు పెట్టి నలభై అయిదు రోజులు దాటాక గూడుని రోజూ చూడండి. పిల్లలు వెలుతురున్న వైపే పోతాయి. రోడ్డు లైట్లుంటే రోడ్డెక్కేస్తాయి, అందుకని ఆ పక్కన నల్ల గుడ్డ కట్టండి. చేత్తో నీళ్లలో వేయకండి, తడి ఇసుక మీద వదిలితే అవే నడిచి వెళ్తాయి. అన్నీ వెళ్లాక రెండు మూడు రోజులాగి గూడు తెరిచి, ఖాళీ పెంకులెన్ని, పొదగనివెన్ని లెక్కపెట్టి ఆ గూటి నంబరు కింద రాయండి.