సబ్‌వూఫర్ బిగింపులో గాలి లీకులు, చప్పుళ్లు: సమస్య - పరిష్కారం

బాస్ పలుచబడినా, బాక్సులోంచి వింత చప్పుళ్లు వచ్చినా చాలామంది ముందుగా డ్రైవర్‌నే (శబ్దం చేసే స్పీకర్ భాగాన్నే) అనుమానిస్తారు. డ్రైవర్ ఫ్రేమ్‌కూ చెక్కకూ మధ్య ఉన్న అతుకును పరీక్షించకుండా డ్రైవర్‌ను మార్చడం తొందరపాటే అవుతుంది.

సమస్య: కింది స్వరాల దగ్గర బుసబుసమనే శబ్దం

కోన్ (డ్రైవర్ ముందు కదిలే గరాటు ఆకారపు పొర) లోపలికీ బయటికీ కదిలేటప్పుడు బాక్సులోని గాలి పీడనం మారుతూ ఉంటుంది కాబట్టి వెంట్రుకవాసి సందు దొరికినా గాలి శబ్దం చేస్తూ రాకపోకలు సాగిస్తుంది. మూసిన బాక్స్ అయితే ఆంప్లిఫయర్ ఆపి, కోన్‌ను మధ్య టోపీకి రెండు వైపులా వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అది నిదానంగా తిరిగి వస్తే అతుకులు బాగున్నట్టు. వెంటనే ఎగిరి వస్తే ఎక్కడో లీకు ఉన్నట్టు. పోర్ట్ (గాలి రాకపోకలకు కావాలనే పెట్టిన గొట్టం) ఉన్న బాక్సుకు ఈ పరీక్ష పనికిరాదు. వాతావరణ పీడనంతో సర్దుకునేందుకు అతి స్వల్పమైన లీకు మంచిదే కనుక కోన్ పూర్తిగా ఆగిపోవాలని పట్టుబట్టనక్కరలేదు.

చోటు తెలియాలంటే 30 హెర్ట్జ్ టోన్‌ను మధ్యస్థంగా మోగిస్తూ పలుచని కాగితపు పీలికను ఫ్రేమ్ అంచు చుట్టూ, వైర్లు తగిలించే టెర్మినల్ చుట్టూ, బాక్స్ మూలల వెంట తిప్పండి. పీలిక ఎక్కడ రెపరెపలాడితే అక్కడే లీకు.

ఫ్రేమ్ ముందు వైపు అంచున కనిపించే రబ్బరు పట్టీని చూసి గాస్కెట్ (సందు మూసే మెత్తని పట్టీ) ఉందని అనుకోవద్దు. చెక్కకు ఆనే వెనుక వైపున వేరే గాస్కెట్ కావాలి. స్పాంజ్‌లా గాలిని పోనిచ్చేది కాకుండా, మూసిన గదులున్న ఫోమ్ టేప్ వాడండి. స్క్రూలు టేప్ మధ్యలోంచే దిగేంత వెడల్పు ఉంటే స్క్రూ రంధ్రాల దారి కూడా మూసుకుంటుంది. టేప్ కొసలు కలిసే చోట ఏటవాలుగా కోసి ఆనించండి. బాక్స్ లోపలి మూలలకు సిలికాన్ సరిపోతుంది. అయితే వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లపు ఆవిరిని వదులుతుంది కనుక, పూర్తిగా ఆరేదాకా డ్రైవర్‌ను బిగించకండి. ఫ్రేమ్‌ను మాత్రం సిలికాన్‌తో అతికించవద్దు; రేపు విప్పాల్సి వస్తే చెక్క పెచ్చులూడుతుంది.

సమస్య: గట్టిగా బిగించాక గరగర శబ్దం

ఇది ఎక్కువ సార్లు చేతి బలం వల్ల వచ్చేదే. ఒక వైపు అతిగా బిగిస్తే రేకు ఫ్రేమ్ వంగి, వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) అయస్కాంతపు సందులో రాసుకుంటుంది. స్క్రూలన్నిటినీ అర చుట్టు వదులు చేయండి. శబ్దం పోతే కారణం తేలినట్టే. ఆపైన ఎదురెదురు జంటలుగా, రెండు మూడు విడతల్లో, చేతి స్క్రూడ్రైవర్‌తో బిగించండి. చెక్క సమతలంగా ఉందో లేదో ఉక్కు స్కేలు ఆనించి చూడండి. బాక్సులోంచి బయటికి తీసిన డ్రైవర్ కూడా గరగరమంటే లోపం బిగింపుది కాదు, కాయిల్‌దే.

సమస్య: స్క్రూ తిరుగుతుంది గానీ పట్టదు

ఎండీఎఫ్‌లో (చెక్క పీచును అదిమి చేసిన పలకలో) స్క్రూను పదేపదే తీసి బిగిస్తే మరలు పిండై రాలిపోతాయి. టీ-నట్‌లు (చెక్కలో దిగే ముళ్ల అంచున్న లోహపు నట్‌లు) బిగించడమే సరైన దారి. సుత్తితో కొడితే అవి ఊడి లోపల పడతాయి. వెనుక నుంచి నట్‌ను పెట్టి, ముందు వైపు వాషర్‌తో బోల్టును తిప్పుతూ లోపలికి లాక్కోండి. అంచులకు ఎపాక్సీ రాయండి, మరల్లోకి పోనివ్వకండి.

సమస్య: లీకు లేదు, అయినా బాస్ లేదు

రెండు డ్రైవర్లు ఉంటే పొలారిటీ (ప్లస్, మైనస్ వైర్లు తారుమారు కాలేదా అన్నది) చూడండి. ఆంప్లిఫయర్ వైర్లు తీసేసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను బాక్స్ టెర్మినల్ ప్లస్‌కూ, మైనస్‌ను మైనస్‌కూ క్షణంపాటు తాకించండి. రెండు కోన్‌లూ ఒకే దిశలో కదలాలి. లోపలి వైరు కోన్‌కు తగిలి టపటపమంటుంటే చెక్కకు క్లిప్‌తో కట్టివేయండి.

కొత్త ఫోమ్ కొన్ని రోజుల్లో అణిగి కుదురుకుంటుంది. వారం తర్వాత స్క్రూలను అదే ఎదురెదురు వరుసలో, వదులైన మేరకే మళ్లీ బిగించి, మూసిన బాక్స్ అయితే కోన్ నొక్కే పరీక్షను ఇంకోసారి చేయండి.