లోను మీ పేరు మీద, మెసేజులు నాన్నగారి ఫోన్‌కి

మొన్న శనివారం రాత్రి రాజోలు అవతలి నుంచి వచ్చిన కుర్రాడొకడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అమెరికాలో దిగి నాలుగు నెలలైంది. పప్పులో నెయ్యి వేసుకుంటూ, "అన్నయ్యా, చదువయ్యేదాకా లోనుకి ఏమీ కట్టక్కర్లేదు కదా, మరి నాన్నగారు డబ్బులు సర్దుబాటు అవట్లేదంటారేంటి?" అన్నాడు. యాప్ తెరవమన్నాను. ఓటీపీ నాన్నగారి ఫోన్‌కి వెళ్లింది. అక్కడ ఆదివారం పొద్దున్న, ఆయన తోటలో కొబ్బరి దింపు దగ్గరున్నారు. మూడు ఓటీపీలు టైమ్ అయిపోయాయి. నాలుగోది ఆయన ఒక్కో అంకే కూడబలుక్కుని చదివితే తెరుచుకుంది.

ఇప్పటిదాకా ఇచ్చింది 14 లక్షలు, వడ్డీ 12 శాతం. అంటే నెలకి 14 వేలు. అందులో 5 వేలు ప్రతి నెలా కట్టాలని అగ్రిమెంటులోనే ఉంది, వీడి సంతకం కిందే. మిగతా 9 వేలు పక్కన పేరుకుంటోంది. కింద ఒక బౌన్స్ ఛార్జీ కూడా ఉంది. వీడు అన్నం కలపడం ఆపేశాడు.

వాణ్ని తిట్టే అర్హత నాకు లేదు. అందుకే ఇది రాస్తున్నాను. సిమ్ కార్డు, గది, బ్యాంకు ఖాతా, ఏ షాపులో సోనా మసూరి దొరుకుతుంది లాంటివి ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు కారులోనే సీనియర్లు చెప్పేస్తారు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

నేను 2021 ఆగస్టులో వచ్చాను. లోను కాగితాల్లో ఫోన్ నంబరు నాన్నగారిది, ఈమెయిల్ నా పాత కాలేజీది, అది అప్పటికే మూతపడింది. మెసేజులన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. నాన్నగారు అవేవో ఆఫర్లనుకుని వదిలేసేవారు. దాళ్వా పెట్టుబడికి ఖాతాలో డబ్బంతా తీసేయడంతో నవంబరు, డిసెంబరు వాయిదాలు రెండూ బౌన్స్ అయ్యాయి. సంక్రాంతి ముందు లోను కంపెనీ మనిషి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడట. వీధంతా చూస్తుండగా మా నాన్నగారు "ఆయ్, కట్టేస్తామండి, ఆయ్" అన్నారని చెల్లి తర్వాతెప్పుడో చెప్పింది. ఆ రోజు నేనిక్కడ ముగ్గుల ఫోటోలకి లైకులు కొడుతున్నాను. అంతటితో పోలేదు. లోనులో నాతోపాటు సంతకం పెట్టిన కో-అప్లికెంట్ ఆయనే కాబట్టి, అప్పులు ఎలా కడుతున్నామో చెప్పే సిబిల్ స్కోరు ఆయనది కూడా పడిపోయింది. జూన్‌లో పంట రుణం రెన్యువల్‌కి వెళ్తే బ్యాంకులో అదే చూపించి రెండు నెలలు తిప్పారు. నా చదువు లోనుకి సార్వా నాట్లు ఆలస్యమయ్యాయి.

కాబట్టి విమానం ఎక్కకముందే లోను ఖాతాకి మీ ఈమెయిల్, మీ నంబరు పెట్టించండి. ఎక్కేశారా, అయితే ఈరోజే కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. ఇండియా సిమ్‌కి రీఛార్జి ఆపకండి, ఆ నంబరు పోతే ఓటీపీ లేదు, ఓటీపీ లేకపోతే ఏదీ లేదు. నెలకోసారి స్టేట్‌మెంట్ దింపుకుని కళ్లతో చూడండి. ఆటో డెబిట్ ఏ ఖాతా నుంచి పోతోంది, ఏ తేదీన పోతోంది, ఆ రోజు అందులో డబ్బుందా, ఈ మూడూ మీకు తెలియాలి. "నాన్నగారు చూసుకుంటారు" అనకండి బాబూ, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన చూసుకోరు, భరిస్తారు.

మారటోరియం అంటే వడ్డీ ఆగుతుందని కాదు. ఈఎంఐ ఆగుతుంది, వడ్డీ నడుస్తూనే ఉంటుంది, చివర్లో అసలులో కలుస్తుంది. 30 లక్షలకి 12 శాతం మీద పదేళ్ల ఈఎంఐ సుమారు 43 వేలు. కట్టని వడ్డీ 5 లక్షలు కలిసి 35 అయితే 50 వేలు దాటుతుంది. పదేళ్లకి లెక్కేస్తే ఆ 5 లక్షలు 8 లక్షల 60 వేలవుతాయి. అదే నెలకి 5 వేలంటే 60 డాలర్లు దాటదు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు చేసుకోవచ్చు కదా, మొదటి జీతంలోంచే పంపండి. 2026 జనవరి నుంచి పంపే డబ్బుకి 1 శాతం పన్నంటున్నారే, అది నోట్లు, మనీ ఆర్డర్లు ఇచ్చి పంపితే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు.

అసలు మనవైపు వాళ్లం ప్రైవేటు ఫైనాన్సుకి ఎందుకు పోతాం? రెండెకరాల కొబ్బరితోట ఉన్నా బ్యాంకులు చాలావరకు దాన్ని తాకట్టు కింద తీసుకోవు. అప్పు కట్టకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకే అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, కోర్టుకి వెళ్లకుండా వేలం వేసుకోలేరు. టౌన్లో ఇల్లో, డిపాజిట్టో ఉందా అంటారు. లేనివాళ్లం తాకట్టు అడగని చోటికి, ఎక్కువ వడ్డీకి వెళ్తాం. చదువు లోను వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉందని ఏజెంటు ఊరిస్తాడు. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు, ఇక మినహాయింపు దేనికి?

ఇక్కడికొచ్చాక అమెరికా ప్రైవేటు లోనుకి మారిపోతే వడ్డీ తగ్గుతుందని ఎవరో ఒకరు అంటారు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా వాళ్లకి ప్రభుత్వ లోన్లు రావు. ప్రైవేటు వాళ్లు ఎక్కువమంది పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కో-సైనర్‌గా కావాలంటారు. వెంటనే మీకు పెదనాన్నగారి అబ్బాయి గుర్తొస్తాడు. అడిగేముందు ఒక్కటి ఆలోచించండి, మీరు కట్టకపోతే ఆ అప్పు మొత్తం అతనిదే. అయినా తీసుకుంటే వడ్డీ మారని ఫిక్స్‌డా, మారే వేరియబులా చూడండి. ఆఖరి కాగితాలు అందాక మూడు పని దినాల్లోపు రద్దు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది.

భయపెట్టానేమో. సరే, ఒక మంచిమాట కూడా చెబుతాను. నేను వచ్చినప్పుడు డాలరు 74 రూపాయలు, ఏడాదిన్నర తిరక్కుండా 82. రెండో ఏడాది ఫీజుకి లోనులోంచి అదనంగా లాగాల్సి వచ్చి ఏడ్చాను. ఉద్యోగం వచ్చాక అదే రూపాయి పతనం నా వైపు తిరిగింది, రూపాయల అప్పుని డాలర్లతో తీర్చాను. ఓపీటీలో, అంటే చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే గడువులో, ఉద్యోగం దొరక్క 70 రోజులు కూర్చున్న నాకే తీరింది, మీకూ తీరుతుంది.

ఆ కుర్రాడు మర్నాడు వాళ్ల నాన్నగారిని పాత మెసేజులన్నీ పంపమన్నాడట. ఆయనకి స్క్రీన్‌షాట్ తీయడం రాదు. పక్కింటి వాళ్ల ఫోన్‌తో తన ఫోన్‌ని ఫోటో తీయించి పంపారు. పదకొండు ఫోటోలు, అన్నిట్లోనూ అంచున ఆయన బొటనవేలు. వాడు తేదీల వారీగా రాసుకుని, వచ్చే నెల 5 వేలు తనే పంపుతానని చెప్పాడట. "ముందు నువ్వు సరిగ్గా తిను" అన్నారట ఆయన.