పెరిమెనోపాజ్ మొదలైందేమోనన్న అనుమానం: రక్తపరీక్ష కంటే ముందు క్యాలెండరు తీయండి

అర్ధరాత్రి దాటాక మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. ఊరికే కూర్చున్నా గుండె దడ. తెలిసిన మనిషి పేరు నాలుక చివర ఆగిపోతుంది. భుజం పట్టేస్తుంది, చిన్న మాటకే చిరాకు ముంచుకొస్తుంది. ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పుకుని సర్దుకుపోతాం. అన్నీ ఒకే మూలం నుంచి రావచ్చన్న ఆలోచన చాలా ఆలస్యంగా తడుతుంది, పైగా నెలసరి ఇంకా వస్తూనే ఉంటుంది కాబట్టి అసలు తట్టకపోవచ్చు కూడా.

నెలసరి పూర్తిగా ఆగి 12 నెలలు గడిస్తే దాన్ని మెనోపాజ్ అంటారు. దానికి ముందు, అండాశయాల పని తడబడే కాలమే పెరిమెనోపాజ్. ఎక్కువమందికి నలభైల నడుమ మొదలవుతుంది, కొందరికి ముప్పైల చివర్లోనే. కొన్ని నెలల్లో ముగియవచ్చు, ఎనిమిది పదేళ్లు సాగనూవచ్చు. ఈ కాలంలో అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ మెట్లు దిగినట్టు తగ్గుతూ పోదు. ఒక నెల అవసరానికి మించి ఎగుస్తుంది, మరో నెల పడిపోతుంది. అండం విడుదల కాని నెలల్లో, గర్భాశయం పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ దాదాపు తయారవదు, దాంతో గర్భాశయం లోపలి పొర మందంగా పెరిగి ఆ తర్వాతి నెలసరి ఎక్కువగా అవుతుంది. "మెనోపాజ్ అయితే తగ్గాలి కదా, నాకు ఎక్కువవుతోందేమిటి" అన్న అయోమయానికి జవాబు ఇదే.

డైరీ ఎలా రాయాలి

కనీసం మూడు నెలలు, రోజుకు ఒక్క వరుస చాలు. రక్తస్రావం, నిద్ర, ఆవిర్లు (హాట్ ఫ్లాష్‌లు), మనసు, నొప్పులు: ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు అంకె వేయండి. 0 అంటే లేదు, 3 అంటే ఆ రోజు పని చెడగొట్టింది. రక్తస్రావం ఉన్న రోజున ఎన్ని ప్యాడ్లు మార్చారో, గడ్డలు పడ్డాయో లేదో రాయండి. కొత్త మందు మొదలుపెడితే ఆ తేదీ కూడా ఉండాలి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు రాత్రి చెమటలు పట్టిస్తాయి, ఆ తేదీ లేకపోతే నేరమంతా హార్మోన్ల మీదికి పోతుంది.

చాలామంది తప్పు చేసేది చక్రం లెక్కలో. నెలసరి ఆగిన రోజు నుంచి కాదు, రక్తస్రావం మొదలైన రోజును 1గా పెట్టి, తర్వాతి నెలసరికి ముందు రోజు వరకు లెక్కించాలి. ఒకటి రెండు చుక్కలు కనబడిన రోజు మొదటి రోజు కాదు.

ఇప్పుడు పక్కపక్క చక్రాలను పోల్చండి. 28, 27, 35, 28, 29, 37 అనుకుందాం. 27కూ 35కూ తేడా 8 రోజులు. ఇలా 7 రోజులు లేదా అంతకు మించిన తేడా, పది చక్రాల లోపు మళ్లీ వస్తే పెరిమెనోపాజ్ తొలిదశ అని వైద్యులు పరిగణిస్తారు. 35 తర్వాత 28కి రావడాన్ని రెండోసారిగా లెక్కపెట్టకండి, అది అదే ఊగిసలాట. 37 వచ్చినప్పుడే రెండోసారి. 60 రోజులు లేదా అంతకుపైన విరామం వచ్చిందంటే చివరి దశలోకి అడుగుపెట్టినట్టు. అయితే చక్రం ఇంకా ఇలా ఊగకముందే, కాస్త పొట్టిదవుతున్న దశలోనే నిద్ర, మనసు చెదిరేవాళ్లు ఉంటారు. కాబట్టి లెక్క కుదరనంత మాత్రాన మీ అనుమానం తప్పని కాదు.

గర్భాశయంలో పెట్టించుకున్న హార్మోన్ లూప్ వల్ల నెలసరి రానివాళ్లకు, గర్భాశయం తీసేసి అండాశయాలు ఉంచినవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. వాళ్లు లక్షణాల అంకెలనే నమ్ముకోవాలి.

పోలికలు చూసి మోసపోకుండా

హాట్ ఫ్లాష్‌కు ఒక తీరుంది: ఛాతీలోనో మెడలోనో మొదలై ముఖానికి ఎగబాకుతుంది, కొన్ని నిమిషాల్లో తగ్గి, వెనకాలే చలి వేస్తుంది. రోజంతా ఉక్కగా ఉండటం, చేతులు వణకడం, బరువు తగ్గడం కనిపిస్తే థైరాయిడ్ వైపు చూడాలి. అది మందకొడిగా పనిచేసినా నీరసం, మతిమరుపు, అధిక రక్తస్రావం వస్తాయి. ఎక్కువ రక్తస్రావం వల్ల ఐరన్ తరిగిపోయి దడ, ఆయాసం, జుట్టు రాలడం మొదలవుతాయి. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉన్నా, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు, అందుకని రెండూ అడగండి.

కాబట్టి ముందు చేయించాల్సినవి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), రక్తకణాల లెక్క, ఫెరిటిన్, బీ12, హెచ్‌బీఏ1సీ (రక్తంలో చక్కెర సగటు). నెలసరి తప్పితే వయసుతో పని లేకుండా గర్భ పరీక్ష. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, థైరాయిడ్ ఫలితాన్ని అవి తారుమారు చేస్తాయి.

అండాశయాలను పనిచేయించే హార్మోన్‌ను కొలిచే ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష గురించి మా మాట సూటిగానే ఉంటుంది: 45 దాటి, లక్షణాలు స్పష్టంగా ఉంటే ఆ పరీక్షకు పెట్టే డబ్బు దండగ. ఈ నెల ఎక్కువ, వచ్చే నెల మామూలు. "నార్మల్" అని వచ్చిన కాగితం పెరిమెనోపాజ్ లేదని చెప్పినట్టు కాదు. 40–45 మధ్య కొంత సాయపడుతుంది. 40 లోపు అయితే మాత్రం తప్పనిసరి. నాలుగు నెలలుగా నెలసరి గాడి తప్పి, ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటితే అండాశయాలు ముందే అలసిపోయాయేమో చూడాలి. సందేహం ఉంటే 4–6 వారాల తర్వాత మళ్లీ తీస్తారు. దీన్ని వదిలేస్తే ఎముకలూ గుండే నష్టపోతాయి. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటూ ఈ పరీక్ష చేయిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

డైరీ నిండేదాకా ఆగకూడనివి

గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడిసిపోతే ఆ రోజే వెళ్లండి. ఛాతీ నొప్పి, దడతో పాటు స్పృహ తప్పడం, బతకాలనిపించకపోవడం కూడా అలాంటివే. నెలసరికీ నెలసరికీ మధ్య లేదా కలయిక తర్వాత రక్తం, ఏడాది ఆగాక మళ్లీ రక్తం, రొమ్ములో గడ్డ, జ్వరంతోనో బరువు తగ్గుదలతోనో వచ్చే రాత్రి చెమటలు: వీటిని "వయసు" అని కొట్టిపారేయనివ్వకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

మూడు నెలల డైరీని ఒక్క పేజీకి కుదించండి. పైన చక్రాల అంకెలు, కింద ఎక్కువ ఇబ్బంది పెడుతున్న మూడు లక్షణాలు, వాడే మందులు. "అంతా బాగోలేదు" అంటే నీరసానికి విటమిన్ మాత్రలు రాసి పంపిస్తారు. "వారంలో నాలుగు రాత్రులు చెమటలతో లేస్తున్నా, చక్రం 27 నుంచి 37కి ఊగుతోంది" అంటే మాట మారుతుంది. మైగ్రేన్, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, రొమ్ము క్యాన్సర్ ఉంటే మొదటే చెప్పండి, హార్మోన్ చికిత్స ఇవ్వాలా వద్దా, ఏ రూపంలో అన్నది వాటిని బట్టి ఉంటుంది. గర్భాశయం ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వరు, పొరను కాపాడే ప్రొజెస్టోజెన్ (ప్రొజెస్టిరాన్ తరహా మందు) కూడా ఉండాలి.

గర్భనిరోధకం అప్పుడే మానకండి. నెలసరి ఆగాక, 50 లోపు వాళ్లు రెండేళ్లు, దాటినవాళ్లు ఏడాది కొనసాగించాలి. హార్మోన్ చికిత్స గర్భాన్ని ఆపదు.

చికిత్స మొదలయ్యాక కూడా డైరీ రాయండి. ఫలితం తేల్చడానికి మూడు నెలలు పడుతుంది. ఆవిర్లు తగ్గినా నిద్ర కుదుటపడకపోతే, గురక ఉందేమో ఇంట్లోవాళ్లను అడిగి చూడండి. ఈ వయసులో స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) కూడా పెరుగుతుంది, దానికి హార్మోన్ల మందు మందు కాదు.