కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్ని అడగకుండా వచ్చేసే ప్రశ్నలు, వాటికి జవాబులు

గర్భిణుల ఓపీలో నర్సుగా నేను రోజూ చూసేది ఒకటే. లోపల డాక్టరమ్మ "ఇంకేమైనా అడగాలా?" అంటే తల అడ్డంగా ఊపేస్తారు, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ నా చెయ్యి పట్టుకుని "సిస్టర్, ఒక్క మాట" అంటారు. పక్కన అత్తగారు ఉంటారు, వెనక లైను ఉంటుంది, సిగ్గు సరే సరి. అందుకని ఇంటి దగ్గరే ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి తల్లీబిడ్డల కార్డులో పెట్టుకుని వెళ్ళండి. అడగడానికి నోరు రాకపోతే ఆ కాగితమే చేతికివ్వండి. ఏ డాక్టరూ ఏమీ అనుకోరు.

నెల తప్పిందని అనుమానం వస్తే, రావాల్సిన తేదీ దాటాక, పొద్దున మొదటిసారి వచ్చే మూత్రంతో ఇంట్లో కిట్ పెట్టి చూసుకోండి. ఆశా అక్కను అడిగితే కిట్ ఉచితంగా ఇస్తారు. ఒక్క గీతే వచ్చి నెలసరి మాత్రం రాకపోతే వారం ఆగి మళ్ళీ చెయ్యండి. రెండు గీతలు వస్తే "మూడో నెల నిండాక చూపించుకుందాంలే" అని ఆగొద్దు. మొదటి మూడు నెలల్లో వేసుకోవాల్సిన ఫోలిక్ యాసిడ్ మాత్ర (రోజుకు 400 మైక్రోగ్రాములు) బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే సమయానికి పని చెయ్యాలి, నిజానికి పిల్లల కోసం ప్రయత్నించేటప్పుడే మొదలుపెట్టాలి. షుగరుకో, మూర్ఛకో మందులు వాడుతున్నవాళ్ళు మొదటి రోజే ఆ సంగతి చెప్పాలి, వాళ్ళకు మోతాదు వేరేగా ఉంటుంది. ఆ మందులు మీ అంతట మీరు ఆపెయ్యకండి.

కాన్పు తేదీ ఎలా లెక్కేస్తారని చాలామంది అడుగుతారు. చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలలు, ఇంకో ఏడు రోజులు కలపండి. మార్చి 10 అయితే డిసెంబర్ 17. నెలసరి క్రమంగా రానివాళ్ళకు ఈ లెక్క కుదరదు, మొదటి స్కాన్‌లో వచ్చిన తేదీనే పట్టుకోవాలి. సరిగ్గా ఆ రోజే కాన్పయ్యేది చాలా తక్కువమందికి, ఒక వారం అటూ ఇటూ అయితే టెన్షన్ పడొద్దు.

ఇప్పుడు ఐరన్ మాత్రల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువే చెప్తాను. ఏడో నెలలో ఒకమ్మాయి వచ్చింది, హిమోగ్లోబిన్ 8. "మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అంటే వేసుకుంటున్నానంది. సంచిలోంచి కార్డు తియ్యబోతే దానితోపాటు ఎర్ర మాత్రల అట్టలు నాలుగు కింద పడ్డాయి, ఒక్క మాత్ర కూడా తియ్యలేదు. బిడ్డ నల్లగా పుడుతుందని నానమ్మ చెప్పిందట. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. ఐరన్ వల్ల నల్లబడదు, కుంకుమపువ్వు వల్ల తెల్లబడదు. నల్లగా మారేది మన విరేచనం ఒక్కటే, అది మామూలే, భయపడాల్సింది కాదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. 7 కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చి వైద్యం చేస్తారు, ఎందుకంటే కాన్పులో కాస్త రక్తం పోయినా అలాంటి ఒళ్ళు తట్టుకోలేదు.

మాత్ర నాలుగో నెల నుంచి రోజూ వేసుకోవాలి, కనీసం 180 రోజులు. వేసుకున్నాక ఒక గంట వరకు టీ, కాఫీ, పాలు ముట్టుకోకండి, ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో, జామకాయో ఉసిరికాయో తింటూనో వేసుకుంటే బాగా పడుతుంది. వికారంగా ఉంటే రాత్రి భోజనమయ్యాక పడుకోబోయే ముందు వేసుకోండి. క్యాల్షియం మాత్రను దీంతో కలిపి మింగకండి, రెండింటికీ మధ్య రెండు గంటలైనా ఉండాలి. మలబద్ధకం వస్తే నీళ్ళు, ఆకుకూరలు పెంచండి, అప్పటికీ తగ్గకపోతే మాత్ర మార్చమని అడగండి కానీ మానెయ్యకండి.

తిండి గురించి ఎవరి ఇంట్లో వాళ్ళ మాట వాళ్ళది. పచ్చి బొప్పాయి వద్దు, బాగా పండింది తింటే ఏమీ కాదు. ఇద్దరి కోసం తినాలని రెండింతలు అన్నం పెట్టుకోనక్కర్లేదు, మామూలుగా తినేదానికి ఒక గుడ్డో, గుప్పెడు వేరుశనగలో, గిన్నెడు పప్పో కలిపితే చాలు. వేవిళ్ళున్నప్పుడు ఏది సయిస్తే అది కొంచెం కొంచెంగా తినండి. మంచినీళ్ళు కూడా నిలవకుండా వాంతులై, మూత్రం తగ్గిపోయి ముదురు రంగులో వస్తుంటే మాత్రం వేవిళ్ళే కదా అని ఊరుకోవద్దు, సెలైన్ అవసరం పడొచ్చు. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి వేసుకోకండి.

గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌లు బిడ్డకు హాని చెయ్యవు. 11 నుంచి 14 వారాల మధ్య ఒకటి, 18 నుంచి 20 వారాల మధ్య అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఒకటి, ఈ రెండూ సమయం దాటనివ్వకండి. ఆడా మగా అని మాత్రం అడగొద్దు. 1994 చట్టం ప్రకారం అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే. సర్కారు ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9న గర్భిణులకు డాక్టర్ ఉచితంగా చూస్తారు, నాలుగో నెల నుంచి ఆ రోజు వెళ్ళొచ్చు.

అందరికంటే మెల్లిగా అడిగేది భార్యాభర్తలు కలవచ్చా అని. అంతా మామూలుగా ఉంటే కలవచ్చు. రక్తస్రావం అయినా, మాయ కిందికి ఉందన్నా, ఉమ్మనీరు పోయినా, నెలలు నిండకుండా నొప్పులు వచ్చినా వద్దు. మీ సంగతి ఏమిటో డాక్టర్నే అడగండి, కాగితం ఉందిగా.

బిడ్డ కదలికలు తొలిచూలు వాళ్ళకు ఐదో నెలలో తెలుస్తాయి, మలిచూలుకు కాస్త ముందే. ఏడో నెల నిండాక రోజూ ఒక పూట భోజనం చేసి ఎడమవైపు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసి లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. రాకపోయినా, రోజూ తిరిగే బిడ్డ ఇవాళ మందంగా ఉందనిపించినా, స్వీటు తిని చూద్దాం, పొద్దున చూద్దాం అనుకోకుండా అప్పుడే బయల్దేరండి. నెలలు నిండితే కదలికలు తగ్గుతాయనే మాట తప్పు. ఆ మాట నమ్మి ఒక రాత్రంతా ఆగి వచ్చినవాళ్ళను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

అలాగే ఆగకూడనివి ఇంకొన్ని: ఏ నెలలోనైనా రక్తం కనపడడం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం (బీపీ 140/90 దాటితే ఇలా ఉండొచ్చు, ఏమీ తెలియకుండానూ ఉండొచ్చు), ఫిట్స్, జ్వరం, నొప్పులు లేకపోయినా ఉమ్మనీరు పోవడం. నీరు ఆకుపచ్చగా ఉంటే ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. 108 నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టించుకోవచ్చా అని మన దగ్గర తరచుగా అడుగుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆపరేషన్ అవసరమైనప్పుడు అది ప్రాణాలు కాపాడుతుంది, దాన్ని తప్పు పట్టట్లేదు. కానీ ఏ కారణమూ లేకుండా 39 వారాలు నిండకముందే మంచిరోజని తీసేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. "ఆపరేషన్ ఎందుకు, ఇంకొంత ఆగితే ఏమవుతుంది?" అని అడిగే హక్కు మీకుంది. మొదటిది సిజేరియన్ అయినంత మాత్రాన రెండోదీ అదే కావాలని లేదు, పాత కుట్టును, కారణాన్ని బట్టి డాక్టర్ చెప్తారు.

కాన్పయ్యాక గంటలోపు ముర్రుపాలు పట్టండి. బాలింతకు నీళ్ళు తగ్గించడం వద్దు, దాహమైనప్పుడల్లా తాగాలి. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇంటికి పంపే రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది: మళ్ళీ గర్భం రాకుండా ఏం చెయ్యాలి? నెలసరి రాలేదు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, కానీ అది తిరిగి రాకముందే గర్భం రావచ్చు. తర్వాతి గర్భానికి కనీసం రెండేళ్ళు ఎడం ఉండాలి. కాపర్ టీ అయితే కాన్పయిన 48 గంటల్లోనే వేయించుకోవచ్చు, కాబట్టి ఈ మాట తొమ్మిదో నెలలోనే భర్తతో మాట్లాడుకుని, కాగితం మీద చివరి ప్రశ్నగా రాసుకుని రండి.