మొదటి రబీలో పి విలువ 0.001, రెండో రబీలో తేడా మాయం: ఎక్కడ వెతకాలి?

లక్షణం: మీ పరికల్పన ప్రకారం జీవన ఎరువు వేస్తే మొక్కజొన్న కండె బరువు పెరగాలి. పోయిన రబీలో పెరిగింది, పి విలువ (ఎరువు వల్ల ఏమీ జరగకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.001. ఈ రబీలో అదే ప్రయోగం చేస్తే ఏమీ లేదు.

సాఫ్ట్‌వేర్ మార్చకండి, వాతావరణాన్ని తిట్టకండి. ముందు ఫీల్డ్ బుక్ తీసి చూడండి: ఎరువు ఎవరికి వేయాలో తేల్చే లాటరీలో చీటీలు వేసింది మడులకా, మొక్కలకా? రెండు నిమిషాల పని. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవరూ చేయరు.

అసలు దొంగ ఇక్కడే ఉంటాడు. మూడు మడులకు ఎరువు వేశారు, మూడింటికి వేయలేదు, మడికి పది మొక్కల చొప్పున కండెలు తూచారు. ఎక్సెల్‌లో 60 వరుసలు, టి పరీక్షకు (రెండు సగటుల తేడాను తూచే లెక్క) 58 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ మొత్తం అంకెల్లోంచి రెండు తీసేస్తే వచ్చేది). 5 శాతం స్థాయిలో, అంటే పి విలువ 0.05 లోపు పడాలంటే, టి విలువ 2 దాటితే చాలు, పండగే. కానీ లాటరీ వేసింది మడులకు. చేతిలో ఉన్నవి ఆరు అంకెలు, డిగ్రీస్ 4, దాటాల్సింది 2.78. పైగా మడికీ మడికీ ఉన్న తేడా ఆ 60 వరుసల లెక్కలో పలచబడిపోతుంది. ఒకే సాక్షిని పదిసార్లు బోనెక్కించి పదిమంది సాక్షులంటే ఎలా? 1984లో పర్యావరణ శాస్త్రవేత్త స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ దీనికి సూడోరెప్లికేషన్ (దొంగ పునరావృతం) అని పేరు పెట్టాడు.

నేనూ ఇందులో పడ్డవాణ్నే. బస్తాలు మోయడం తేలికని ఎరువు మడులన్నీ కాలువ పక్కనే పెట్టాను, లాటరీ కూడా వేయలేదు. కండెలు బలిసింది ఎరువుకా, కాలువ తేమకా అన్నది ఇప్పటికీ చెప్పలేను.

పరిష్కారం: మడికో సగటు తీసి, ఆ ఆరు సగటులతోనే మళ్లీ పరీక్షించండి. పి విలువ 0.2కి పోయిందా? పోనివ్వండి. తేడా లేదని తేలినట్టు కాదు. ఉందనడానికి ఆధారం చాలలేదని రాయండి. వచ్చేసారి మడికి పది మొక్కల్ని ముప్పై చేయకండి, మడుల్ని ఆరేసి చేయండి. ఎరువుకొక మడి, ఎరువు లేకుండా ఒక మడి మాత్రమే ఉంటే ఏ లెక్కా కాపాడదు, దాన్ని పరిశీలనగానే రాసుకోండి.

మడుల లెక్క సరిగ్గానే ఉంటే, ఎన్ని లక్షణాలు కొలిచారో చూడండి. ఎత్తు, ఆకులు, కండె పొడవు అంటూ 20 పరీక్షలు చేస్తే, అవి ఒకదానికొకటి సంబంధం లేనివైతే, ఎరువు వల్ల ఏమీ జరగకపోయినా ఏదో ఒకటి 0.05 లోపు పడే అవకాశం 64 శాతం. అది పడ్డాక "మా పరికల్పన ఇదే" అనడం మామూలైపోయింది. ఏ లక్షణం చూస్తారో విత్తే ముందే తేదీ వేసి రాయండి.

డేటా నార్మల్‌గా (గంట ఆకారంలో) లేదేమో, తూకం యంత్రం చెడిందేమో అంటారా? ఎప్పుడో ఒకసారి అవుతుంది. అవి చివర్లో చూసుకోవచ్చు.